నలభై ముక్కుపెట్టెలు

కళ్లకు గంతలు కట్టించుకుని కూర్చోవడం నాంచారమ్మకి కష్టం కాలేదు. ఎదురుగా బల్ల మీద ఏదో మండబోతోందని తెలిసి కదలకుండా కూర్చోవడమే కష్టమైంది. మండే వస్తువు దగ్గర కళ్లు మూసుకోవడం ఆమె జన్మలో చేయని పని. లేచి పోదామా అని రెండుసార్లు కుర్చీ చేతులు పట్టుకుని, పక్కనే కూతురు శేషుకుమారి ఉందన్న ధైర్యంతో మళ్లీ వదిలేసింది.

బల్ల మీద అయిదు గాజు సీసాలున్నాయనీ, ఒక్కోదాని మూత తీస్తాననీ, ఏమనిపిస్తే అది చెప్పమనీ అంది డాక్టర్ విశాలాక్షి. ఆమె గుంటూరులో వాసనల మీద పరిశోధన చేసే మనిషి. నలభై దాటి ఉంటాయి. ఎంత చిన్న మాటనైనా నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు.

మొదటి సీసాలో పత్తి అంది నాంచారమ్మ. రెండోదాంట్లో తడిసిన కాగితం. మూడోది ఖాళీ. నాలుగోదాని మూత తీయగానే కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"ఇది తీసేయండి డాక్టరమ్మా. అంటుకునిద్ది."

"పొగ వాసన వస్తోందా అమ్మా?"

"పొగ కాదు. ఇంకా కాలట్లా. కాలబోతంది. ఇస్త్రీపెట్టె వేడెక్కేటప్పుడు, గుడ్డ మీద పెట్టకముందు, ఒక వాసన వచ్చిద్ది చూడండి. అదీ, దాంట్లో కాస్త పచ్చి వేరుసెనక్కాయ తొక్కు."

ఆ సీసాలో పత్తి చుట్టిన సన్నని తీగ ఉంది. దానికి కరెంటు పెట్టి అప్పటికి పది సెకన్లు కూడా కాలేదు. గది కప్పుకి బిగించిన పొగ గంట మోగింది పదకొండు నిమిషాల తర్వాత. ఆ పదకొండు నిమిషాలూ డాక్టరు గోడ గడియారం వంకే చూస్తూ నిలబడింది. గంట మోగాక పుస్తకంలో ఒక్క అంకె రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసింది.

నాంచారమ్మ ముక్కు సంగతి వాళ్ల వీధికి కొత్త కాదు. ఎదురింటి మీటరు పెట్టెలో వైరు కరుగుతోందని ఆమె వంటింట్లో కూర్చునే చెప్పింది. లైన్‌మాన్ వచ్చి విప్పి చూసి, ఇంకో అరగంట ఆగితే ఇల్లు మిగిలేది కాదన్నాడు. ఆ కబురు పేపర్లో నాలుగు వాక్యాలుగా పడింది. డాక్టరు ఆ నాలుగు వాక్యాలు పట్టుకునే వెతుక్కుంటూ వచ్చింది.

వీధికి తెలియనిది ఒకటుంది. నాంచారమ్మకి ఏడేళ్లప్పుడు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఇదే వాసన వస్తోందని తల్లితో అంది. తల్లి పిండి దంపుతూ కసిరింది. కాసేపటికి పాకల వరస మొత్తం అంటుకుంది. చంటి తమ్ముడు ఉయ్యాల్లోనే ఉండిపోయాడు. ఆ తర్వాత చదువు ఏడో తరగతితో ఆగింది గాని భయం మాత్రం ఆగకుండా పెరుగుతూ వచ్చింది. గ్యాసు రెగ్యులేటరు కట్టేసి, తిప్పి చూసి, మళ్లీ వచ్చి తిప్పి చూస్తుంది. ఫోను చార్జింగు మంచం మీద పెట్టనివ్వదు. అగరొత్తి కొస మిగిలితే నీళ్లలో ముంచి గాని పారేయదు. ట్రాలీ ఆటో నడిపే భర్త బసవపున్నయ్య బీడీ కాల్చుకోవాలంటే వాకిట్లో నీళ్ల డబ్బా పక్కన కూర్చోవాల్సిందే. తాళం వేశాక ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వస్తుందని, ఇక గుళ్లో ప్రదక్షిణాలు వేరే అక్కర్లేదని శేషు ఆటపట్టిస్తుంది.

శేషు టెక్స్‌టైల్ డిప్లొమా చదివి, ఊరి శివారులో నల్లరేగడి చేల మధ్య ఉన్న నూలు మిల్లులో సూపర్‌వైజరుగా చేరింది. పత్తి మిల్లులో చేరతానన్న రోజున నాంచారమ్మ అన్నం ముట్టలేదు. పత్తిలో రాయి పడి యంత్రం పళ్లకి తగిలితే నిప్పురవ్వ పుడుతుందని, ఆ రవ్వ పత్తితో పాటే అదిమి కట్టిన బేలులోకి దూరి రోజుల తరబడి లోపలే కుములుతుందని, పైకి పొగైనా రాదని ఆమెకి ఎవరో చెప్పారు. ఉద్యోగం మానమని బతిమాలింది. నువ్వు పొయ్యి దగ్గరికెళ్లడం మానేస్తే నేను మిల్లుకెళ్లడం మానేస్తానంది శేషు. నాంచారమ్మ పైకి ఊరుకుంది గాని మనసు ఊరుకోలేదు.

అందుకే, ఆమె ముక్కులోంచి కాస్త తీసుకుని నిప్పుని ముందే పసిగట్టే పెట్టెలు చేస్తానని డాక్టరు అడగగానే ఒప్పుకుంది.

ముక్కు లోపల బాగా పైన గోరంత చోటు ఉంటుందట. సన్నని గొట్టం పెట్టి అక్కడినించి చిటికెడు గిల్లుకున్నారు. నెల తర్వాత డాక్టరు ఆమెని పిలిచి ఒక గాజు పళ్లెం చూపించింది. పళ్లెంలో పాలమీగడలాంటి గులాబీ రంగు పొర. డాక్టరు చల్లని తీగని దాని దగ్గరికి తెచ్చింది. పక్కనున్న మీటరులో ముల్లు కదల్లేదు. అదే తీగకి కరెంటు పెట్టి తెచ్చింది. ముల్లు ఉలిక్కిపడి చివరికంటా కొట్టుకుంది.

"ఇవి మీ ముక్కులోవేనమ్మా. ఇక్కడ పెంచాం. మీరు దేనికి భయపడతారో దానికే ఇవీ అదురుతున్నాయి."

నాంచారమ్మ పళ్లెం మీదికి వంగి చూసింది. తనలోంచి ఒక ముక్క తన కళ్లెదుట గాజుపళ్లెంలో కూర్చుని తనలాగే హడలిపోతోంది. పాపం, దానికైనా ఈ భయం ఎందుకు పెట్టానా అనుకుంది.

ఆ పొరని అరచేతంత పెట్టెలో అమర్చి, ముందువైపు రెండు చిల్లులు, పైన ఒక పచ్చ దీపం, లోపల ఒక సైరను పెట్టారు. కాగితాల మీద దాని పేరు ఏమైనా గాని, మిల్లు జనం రెండో రోజుకే దానికి ముక్కుపెట్టె అని పేరు పెట్టేశారు.

మొదటిసారి గిల్లినప్పుడు పది రోజులు వాసన పోయి తిరిగి వచ్చింది. ఒకసారి గిల్లినదాంతో పెరిగే పొర కొన్ని పెట్టెలకే వచ్చేది. రెండోసారి గిల్లినదానితో పన్నెండు పెట్టెలు తయారై శేషు మిల్లుకి వెళ్లాయి. ఈసారి వాసన తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. అదీ పూర్తిగా రాలేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే గాని తెలిసేది కాదు.

ఆ పన్నెండూ పత్తి దించే చోటికీ, గింజలు తీసే జిన్నింగుకీ సరిపోయాయి. బేళ్లు విప్పి పత్తిని దులిపే బ్లోరూముకీ, దాన్ని ఆనుకుని ఉన్న బేళ్ల గోడౌనుకీ ఒక్కటీ మిగల్లేదు. శేషుని వేసింది బ్లోరూములోనే.

ఆ సంగతి తెలిసిన రోజునే నాంచారమ్మ గుంటూరు బస్సెక్కి డాక్టరు ముందు కూర్చుంది. ఇంకోసారి గిల్లుకోమంది. కుదరదంది డాక్టరు. ఇప్పటికే రెండుసార్లు తీశామనీ, ఈసారి తీస్తే మిగిలిందంతా పోవచ్చనీ, ఇంకో మనిషిని వెతుకుతున్నాననీ చెప్పింది. ఎంతకాలం వెతుకుతారని అడిగింది నాంచారమ్మ. ఎన్నాళ్లో తెలియదంది డాక్టరు.

"మీరు వెతికేలోపు నా పిల్ల అక్కడే గదా డాక్టరమ్మా ఉండేది. నాకీ ముక్కెందుకు, అది కాలిపోయాక ఆ వాసన చూడ్డానికా?"

డాక్టరు కలం మూసి పక్కన పెట్టింది. చివరికి ఒప్పుకుంది. ఆ చిటికెడుతో ఇంకో ఇరవై ఎనిమిది పెట్టెలు వచ్చాయి. మొత్తం నలభై. నాంచారమ్మకి మాత్రం వాసన మరి రాలేదు.

వాసన లేని ఇల్లు ఎంత భయంకరంగా ఉంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. గోడలున్నాయి, తలుపులున్నాయి, కాని కాపలా లేదు. ఒకరోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, ఆ గదిలోనే పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తూనే ఉంది. ఆమెకి ఏమీ తెలియలేదు. తల ఎందుకో దిమ్ముగా ఉంది, ఎండకి కాబోలనుకుంది. బసవపున్నయ్య పెరటి వైపు నించి వస్తూ, నోట్లో బీడీ, ఎడంచేతిలో అగ్గిపెట్టె, కుడిచేతిలో పుల్లతో గడపలో నిలబడ్డాడు. పుల్ల అగ్గిపెట్టెకి ఆనించే ఉంది. అతను గీయలేదు. అగ్గిపెట్టెని పెరట్లోకి విసిరేసి, వచ్చి రెగ్యులేటరు కట్టి, ఆమెని రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు. ఇద్దరూ వేపచెట్టు మొదట్లో కూలబడ్డారు.

తర్వాత అతను మెల్లగా అన్నాడు, "మిల్లు మొత్తానికీ ముక్కిచ్చి నీ వంటింటికి లేకుండా చేసుకున్నావు గదే."

ఆ రోజు నించి ఆమె పొయ్యి ముందు నిలబడే వంట చేసింది. కళ్లు మంట మీదనించి తీయలేదు. కూర తరిగేదంతా ముందే తరిగి పెట్టుకుని, అప్పుడు పొయ్యి వెలిగించేది. శేషు మిల్లు నించి వచ్చాక ఒక్కటే అడిగేది, పెట్టెలు బాగున్నాయా అని. బాగున్నాయనేది శేషు. ఆ ఒక్క మాటతో ఆమెకి ఆ పూట నిద్ర పట్టేది.

శ్రావణమాసంలో బ్లోరూము గొట్టం దగ్గరి పెట్టె ఒకటి అరిచింది. యంత్రం ఆపి గొట్టం విప్పితే పత్తి మధ్యన శనగగింజంత నిప్పు. ఇంకాసేపు గాలి తగిలుంటే గొట్టం పొడవునా పాకేది. మేనేజరు పానకాలరావు ఆ సాయంత్రం షిఫ్టు మొత్తానికీ లడ్డూలు పంచాడు. బ్లోరూములో పనిచేసే ఆడవాళ్లు ఆ పెట్టెకి దణ్ణం పెట్టుకున్నారు. తమని కాపాడిందానికి ఒట్టి దణ్ణంతో సరిపెట్టడం వాళ్లకి బాగోలేదు. మరుసటి శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆపై శుక్రవారం ఒక్కదానికే చేస్తే మిగతావి ఏం పాపం చేశాయని నలభైకీ పెట్టారు. దసరాకి ఆయుధపూజ రోజున ఒక్కో పెట్టెకీ బంతిపూల దండ పడింది.

ఈ కబుర్లన్నీ దసరా వెళ్లిన గురువారం సాయంత్రం అన్నం తింటూ శేషు చెప్పింది. చెప్పేటప్పుడు దాని మొహం వెలిగిపోతోంది.

"మేం పూజ చేస్తంది పెట్టెలకి కాదే అమ్మా, నీకే. శుక్రవారం శుక్రవారం నీ ముక్కుకి సాంబ్రాణి పట్టిస్తన్నాం."

నాంచారమ్మ సిగ్గుపడింది. నవ్వింది కూడా. చాలా రోజుల తర్వాత నవ్వింది. వాకిట్లో బసవపున్నయ్య బీడీ ముట్టించుకున్నాడు. ఆ పొగ సన్నగా గడప దాటి లోపలికి వస్తుంటే శేషు ముక్కు చిట్లించి, చీర కొంగు అడ్డం పెట్టుకోవేమే అంది. నాంచారమ్మకి ఆ పొగ కనిపిస్తోంది గాని వాసన లేదు. ముక్కు పోయింది కాబట్టి లేదు. ముక్కు ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడుంది? పెళ్లయిన కొత్తలో ఆ బీడీ కంపుకి వాంతి వచ్చేది. ఏడాది తిరిగేసరికి అతని చొక్కా మొహం మీద వేసుకున్నా తెలిసేది కాదు. ఊళ్లో ఎక్కడ వైరు వేడెక్కినా పసిగట్టే ముక్కు, పక్కలో మనిషి బీడీ కంపుని పాతికేళ్లుగా పసిగట్టలేదు.

ఆమె చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"సాంబ్రాణి పెట్టెకి ఎంత దూరంలో పెడతారే?"

"దూరమెందుకు, చిల్లుల కిందే. పొగ లోపలికి పోవాలి గదా."

"ఎన్నాళ్ల నించి?"

"శ్రావణం నించి."

"అప్పట్నించి ఒక్కటన్నా అరిచిందా?"

"ఒక్కటీ అరవలా. అందుకే గదా అందరికీ అంత నమ్మకం" అంది శేషు, పెరుగు కలుపుకుంటూ.

అప్పటికప్పుడు డాక్టరుకి ఫోను చేయించింది. ఎత్తలేదు. పానకాలరావుకి చేయించింది. అతనూ ఎత్తలేదు. రేపు మిల్లుకి పోవద్దని శేషుని పట్టుకుంది. నీకు మళ్లీ మొదలైందా అని కసిరి పడుకుంది శేషు. తెల్లవారుజామున లేచి, తల్లి స్నానానికి వెళ్లిన అదను చూసి మొదటి షిఫ్టుకి వెళ్లిపోయింది.

ఏడింటికి డాక్టరు ఫోనులో దొరికింది. నాంచారమ్మ సాంబ్రాణి సంగతి చెప్పింది. బీడీ సంగతి కూడా చెప్పింది, మొగుడి గురించి అట్లా చెప్పడానికి సిగ్గుపడుతూనే.

"అది ప్రాణమున్న పొరమ్మా" అంది డాక్టరు. "ఏ పొగ అలవాటైతే ఆ పొగని పట్టించుకోదు. నేను ఆలోచించాల్సింది. పొగ వాసనలన్నీ దానికి సాంబ్రాణిలాగే అయిపోయి ఉండొచ్చు. నేను బయల్దేరుతున్నా. యంత్రాలు ఆపించండి. ముందు అందర్నీ బయటికి రమ్మనండి."

మిల్లులో ఎవరూ ఫోను ఎత్తకపోయేసరికి, బసవపున్నయ్య ట్రాలీ ఆటోలో ముందు సీట్లో భర్త పక్కన ఇరుక్కుని కూర్చుని నాంచారమ్మ మిల్లుకి చేరింది. గేటు దగ్గర కరీముల్లా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు గోడౌనులో నిప్పు కాపలా మనిషి అతను. ఇరవై ఏళ్లు పొడుగాటి ఇనప ఊచ పట్టుకుని బేళ్ల మధ్య తిరిగాడు. ప్రతి బేలులోనూ ఊచ గుచ్చి, లాగి, దాని కొసని వేళ్లతో పట్టుకుని వేడి చూసేవాడు. పెట్టెలు వచ్చాక అతన్ని గేటుకి మార్చారు.

"ఇప్పుడు అన్నీ పెట్టెలే చూసుకుంటన్నాయమ్మా" అన్నాడు. కష్టంగా అన్నాడో సుఖంగా అన్నాడో తెలియలేదు.

లోపలికి నడుస్తూ నాంచారమ్మ తెరిచి ఉన్న గోడౌనులోకి తొంగి చూసింది. బేళ్లకీ గోడకీ మధ్య మనిషి నడిచే సందు ఉండాలని శేషు చదువుకునే రోజుల్లో పైకి చదివేది. ఇక్కడ సందు లేదు, గోడకి ఆనించి పేర్చేశారు. ఎర్రరంగు ఇసక బకెట్లు వరసగా వేలాడాల్సిన చోట మేకులు మాత్రం ఉన్నాయి. బకెట్లు ఆఫీసు ముందు బారుగా పెట్టి ఉన్నాయి. వాటిలో బంతి మొక్కలు పూస్తున్నాయి.

పానకాలరావు మంచివాడే. ఆమెకి కుర్చీ వేయించాడు. మంచినీళ్లు తెప్పించాడు. అంతా విని, గాభరా పడొద్దని, రమ్మని గోడౌను గుమ్మం దాకా తీసుకెళ్లి చెయ్యి చాపి చూపించాడు. లోపల సాంబ్రాణి పొగ ఇంకా పల్చగా తేలుతోంది. ఆ పొగలో పచ్చ దీపాలు నక్షత్రాల్లా వెలుగుతున్నాయి.

"చూడండమ్మా. ఇక్కడే కాదు, మిల్లంతా నలభైకి నలభై వెలుగుతున్నాయి. ఒక్కటి ఆరినా నేనే ముందు యంత్రాలు ఆపిస్తా."

"ఆ దీపం బతికుందని చెప్పిద్ది సార్, అంతే. నేనూ బతికే ఉన్నాగా. నా ముందర గ్యాసు లీకైతే నాకు తెలవలా."

పానకాలరావు పరీక్షించి చూద్దామన్నాడు. ఒక పెట్టెని విప్పించి, నీళ్ల కుళాయి పక్కకి, ఆరుబయటికి తెప్పించాడు. పిడికెడు పత్తి ఇనప పళ్లెంలో వేసి, బసవపున్నయ్య దగ్గర అగ్గిపెట్టె తీసుకుని తనే అంటించాడు. పత్తి చుట్టుకుపోయి నల్లగా కమిలింది. పొగ తిన్నగా రెండు చిల్లుల్లోకి పోతోంది. పెట్టె అరవలేదు. పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. చిల్లులకి అంటిన పసుపు కుంకాల ముద్దని గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పత్తి కాల్చారు. అరవలేదు. ఇంకోటి తెచ్చారు. అరవలేదు. అయిదోది కూడా పలకలేదు. పానకాలరావు ఆఫీసులోకి పరిగెత్తి సైరను నొక్కాడు.

మిల్లు ఆగింది. రాత్రింబవళ్లు మోగే చోట మోత ఆగిపోతే చెవుల్లో ఏదో తెగినట్టుంటుంది. నూటయాభై మంది చేతులు తుడుచుకుంటూ, తలల మీద పత్తి నూగుతో, ఏమైందని అడుగుతూ బయటికి వచ్చారు. నాంచారమ్మ ఒక్కొక్కరి మొహమే చూస్తూ పోయింది. శేషు చివరగా వచ్చింది. తన సెక్షను వాళ్లందర్నీ లెక్కపెట్టుకుని, ఆఖరున తలుపు మూసి వచ్చింది. తల్లిని చూసి కోపంగా ఏదో అనబోయింది. అంతలో గోడౌను వైపు తిరిగి ఆగిపోయింది.

"అమ్మా, ఇస్త్రీపెట్టె వాసన వస్తందేందే?"

నాంచారమ్మ గోడౌను వైపు చూసి, కూతురి మొహం వంక చూసింది.

"వేరుసెనక్కాయల్లాగా కూడా వస్తంది" అంది శేషు, తనలో తను అనుకుంటున్నట్టు.

ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో ఏ వాసనైనా ముందు తల్లే అనేసేది. పిల్లకి అనే అవసరం రాలేదు. అదీ తనలాంటి ముక్కే పెట్టుకు పుట్టిందని కన్నతల్లికే తెలియలేదు. ఆ ఒక్క క్షణంలో నాంచారమ్మకి రెండు భయాలు ఒకేసారి పుట్టాయి. లోపల నిప్పుంది. పిల్లకి ముక్కుంది. ఏది ఎక్కువ భయమో ఆమెకి తెలియలేదు. చటుక్కున శేషు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అనబాక. ఎవరితోనూ అనబాక. నా చెయ్యి పట్టుకో. ఎక్కడ ఎక్కువైతే అక్కడ నొక్కు."

ఫైరింజను రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. ఆరువందల బేళ్లు. ఏ బేలో తెలియకుండా కదిలిస్తే గాలి తగిలి మొత్తం అంటుకుంటుంది. కరీముల్లా ఎవరూ చెప్పకుండానే వెళ్లి తన ఊచ తెచ్చుకున్నాడు. నేను తడిమి చూస్తానని నాంచారమ్మ ముందుకు నడిచింది. వద్దని పానకాలరావు అడ్డం వచ్చాడు. ఆమె వినిపించుకోలేదు. ఒంటరిగా పోనివ్వనని కూతురు చెయ్యి పట్టుకుని కూడా వెళ్లింది. చూసేవాళ్లకి అంతే కనిపించింది.

లోపల బేళ్ల మధ్య గాలి ఆడటం లేదు. ఒక్కో బేలు మీదా అరచెయ్యి ఆనిస్తూ నాంచారమ్మ నడిచింది. అన్నీ చల్లగానే ఉన్నాయి. ఇప్పుడు గనక అంటుకుంటే వెనక్కి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుంటూ నడిచింది. పది, పన్నెండు, పదిహేడు. పిల్లని ఎటు తోయాలి, తను ఎటు పడాలి, అది కూడా అనుకుంది. ఏడో వరస మూలలో శేషు వేళ్లు బిగిశాయి. కింద నించి రెండో బేలు. నాంచారమ్మ దాని మీద చెయ్యి వేసింది. అదీ చల్లగానే ఉంది.

"ఇది కరీముల్లా. ఇదే."

అతను ఊచ గుచ్చాడు. సగం దాకా దింపి, లాగి, కొసని వేళ్లతో పట్టుకున్నాడు. వెంటనే వదిలేసి చెయ్యి విదిలించుకున్నాడు. అవునని తల ఊపాడు.

పై బేళ్లు ఒక్కొక్కటీ దింపి, దాన్ని బయటికి దొర్లించి, బసవపున్నయ్య వెనక్కి తెచ్చి పెట్టిన ట్రాలీలోకి ఆరుగురు ఎక్కించారు. అతను దాన్ని మిల్లు ఆవరణ మధ్యకి, దేనికీ తగలని చోటికి నడిపించుకు వెళ్లాడు. వెనక ఏం మోస్తున్నాడో తెలిసీ నిదానంగానే నడిపాడు, కుదిపితే లేస్తుందని. కిందికి తోసి ఇనప పట్టీలు తెంచగానే బేలు నోరు తెరిచినట్టు విచ్చుకుంది. లోపల తల పట్టేంత నల్లటి గుల్ల. దాని అంచుల చుట్టూ ఎర్రగా ఊపిరి తీస్తున్నట్టు నిప్పు. గాలి తగిలింది. మనిషెత్తు మంట లేచింది. మిల్లు జనం కుళాయి నీళ్లు పోసి ఆర్పారు.

డాక్టర్ విశాలాక్షి వచ్చేసరికి పదిన్నర దాటింది. పెట్టెలన్నీ విప్పించి, ఒక్కోదాని పొరనీ భూతద్దంలో చూసింది. చనిపోలేదని, బాగా అలవాటు పడిపోయాయని, ఇక పనికిరావని చెప్పింది. కొత్తవి చేయాలి. ఇంకా పదకొండు మిల్లులు పెట్టెల కోసం ఎదురుచూస్తున్నాయి. ఇట్లాంటి ముక్కు ఇంకొకటి నాలుగు రాష్ట్రాల్లో వెతికినా దొరకలేదు. ఇదంతా ఆమె ఎవరితోనో అన్నట్టు, నేల వంక చూస్తూ అంది. తర్వాత కుర్చీ లాక్కుని నాంచారమ్మ ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఆ బేలుని ఎవరు కనిపెట్టారమ్మా?"

"నేనే."

"ఎట్లా?"

"చేత్తో. తడిమితే వేడి తగిలింది."

డాక్టరు తల ఎత్తింది. ఆరుబయట నల్లగా తడిసి పడి ఉన్న బేలు వంక చూసింది. నాంచారమ్మ భుజం వెనక నిలబడ్డ శేషు వంక చూసింది. శేషు కళ్లు దించుకుంది.

"పత్తి వేడిని బయటికి రానివ్వదమ్మా" అంది డాక్టరు నెమ్మదిగా. "లోపల నిప్పులున్నా పైన చల్లగానే ఉంటుంది. మీకు చేతికి తగిలిందా?"

"తగిలింది."

"ఆరువందల్లో సరిగ్గా అదే?"

నాంచారమ్మ వెనక్కి చెయ్యి చాపి కూతురి మణికట్టు పట్టుకుంది. ఎదురుగా ఉన్న మనిషి మంచిదేనని తెలుసు. ఆ మంచి మనిషి చేతిలోనే సన్న గొట్టం ఉంటుందని కూడా తెలుసు. మొదటిది పది రోజులు. రెండోది రెండు నెలలు. మూడోసారి అడిగింది తనే. శేషు కూడా అట్లాగే తనంతట తనే అడుగుతుంది. అది తన కూతురు.

"నాకు వాసన లేదు గదా డాక్టరమ్మా. చెయ్యి కాక ఇంకేముంది" అంది. కూతురి మణికట్టు వదల్లేదు.

డాక్టరు కలం చాలాసేపు కాగితానికి పైనే ఆగింది. తర్వాత ఒక వాక్యం రాసింది. నాంచారమ్మ తలకిందులుగానే కూడబలుక్కుని చదువుకుంది. చేతి స్పర్శ ద్వారా, అని ఉంది. డాక్టరు పుస్తకం మూసి, పెట్టెలన్నీ సంచిలో వేసుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది.

ఇసక బకెట్లు మళ్లీ మేకులకి ఎక్కాయి. గోడ పక్క సందు వచ్చింది. కరీముల్లా గేటు వదిలి ఊచతో లోపలికి వచ్చాడు. నాంచారమ్మ చేతికి మహిమ ఉందని మిల్లంతా నమ్మింది కాబట్టి, పానకాలరావు ఆమెని కూడా నిప్పు కాపలాకి రమ్మన్నాడు. ఆమె వస్తానంది. శేషు ఏ షిఫ్టులో ఉంటే ఆ షిఫ్టుకే వస్తానని ఒక్క షరతు పెట్టింది. తల్లి భయం సంగతి అందరికీ తెలిసిందే గనక ఎవరూ వింతగా చూడలేదు.

కార్తీకమాసంలో ఒకరోజు పేపర్లో పడింది. పక్క జిల్లాలో ఒక పత్తి మిల్లు కాలిపోయింది. ఇద్దరు పోయారు. నాంచారమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివి, పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది. సాయంత్రం శేషు కాళ్లు కడుక్కుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. పెట్టెల కోసం చూస్తన్న ఆ పదకొండు మిల్లుల్లో అదీ ఒకటే అమ్మా, అంది. ఎక్కడ చదివిందో అప్పటికే చదివేసింది.

"నేను డాక్టరు గారికి ఫోను చేస్తానే."

"అనబాక" అంది నాంచారమ్మ. పొయ్యి మీద మంట వంక చూస్తూనే అంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తల తిప్పలేదు. "ఇవాళ్టికి అనబాక."

శేషు ఆ పూట ఫోను చేయలేదు. మర్నాడూ చేయలేదు. చేయనని కూడా చెప్పలేదు.

రోజూ షిఫ్టు మొదలవగానే ఇద్దరూ గోడౌనులోకి వెళతారు. తల్లి ముందు, చెయ్యి చాపి బేళ్లు తడుముకుంటూ. కూతురు అరడుగు వెనక, చేతిలో రిజిస్టరు పట్టుకుని, ఊపిరి మెల్లగా లోపలికి తీసుకుంటూ. శేషు వేళ్లు మోచేతికి తగలకుండా ఒక వరస దాటిన ప్రతిసారీ నాంచారమ్మ తేలిగ్గా నిట్టూరుస్తుంది. ఎప్పుడైనా తగిలితే, ముందు చుట్టూ ఎవరు చూస్తున్నారో చూస్తుంది. ఆ తర్వాతే బేలు మీద చెయ్యి వేస్తుంది.